భయానికి పొలిమేర

ఈ పూట దయ్యాల సినిమాల గురించి మాట్లాడుకుందాం. దయ్యాలు ఉన్నాయా, లేవా అనేది వేరే పంచాయితీ. నా ప్రశ్న ఇంకొకటి. భయం ఎవరికీ ఇష్టం ఉండదు. పొద్దుగూకినాక స్మశానం పక్క నుంచి పోవాల్సి వస్తే చుట్టుదారి పట్టి పోతాం. పసిపిల్లవాడు నిద్రలో ఉలిక్కిపడి ఏడిస్తే జడుసుకున్నాడని తాయెత్తు కట్టిస్తాం. అట్లాంటి మనమే టికెట్టు కొనుక్కుని, సోపతిగాళ్లను వెంటేసుకుని, సెకండ్ షోకు పోయి మరీ భయపడి వస్తాం. గడప దగ్గర వద్దన్న భయాన్ని టాకీసులో డబ్బిచ్చి ఎందుకు తెచ్చుకుంటున్నాం? ఎవరినన్నా అడగండి, థ్రిల్లు కోసం అంటారు. దానితో తేలేది ఏమీ లేదు. భయం ఎప్పుడు థ్రిల్లు అవుతుంది, ఎప్పుడు కాదు, అది తేలాలి. నేను చెప్పబోయేది ఒక్కటే మాట. హద్దు ఉన్న భయమే మనకు ఇష్టం. ఎక్కడ ఆగుతుందో తెలిసిన భయం. ఎందుకు వచ్చిందో, ఏం చేస్తే పోతుందో కథ చెప్పగలిగిన భయం. ఆ హద్దు తెగుతుంటే చూడాలి, తెగిన హద్దును మళ్లీ కడుతుంటే చూడాలి. ప్రేక్షకుడు దయ్యం సినిమాకు పోయేది అందుకే. ఈ మాట గుర్తుంచుకోండి. హద్దు తెగాలి, మళ్లీ కట్టాలి.

మన పాలమూరు, నల్లగొండ ప్రాంతం నుంచే మొదలుపెడదాం. 2009 సంక్రాంతి రోజుల్లో ‘అరుంధతి’ వచ్చింది. కోడి రామకృష్ణ దర్శకుడు, శ్యాంప్రసాద్ రెడ్డి నిర్మాత. కథ ఎక్కడిది? గద్వాల సంస్థానానిది. కృష్ణకు, తుంగభద్రకు నడుమ ఉన్న మన నడిగడ్డ. అప్పటికి అది మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉంది. గద్వాల కోటను దగ్గర నుంచి చూసినవాళ్లకు తెలుసు, అక్కడ జడుసుకోవడానికి ఏమీ లేదు. కోటలో చెన్నకేశవస్వామి గుడి ఉంది, భక్తులు వస్తారు. కోటలోనే డిగ్రీ కాలేజీ ఉంది, పిల్లలు వస్తారు. అయినా సినిమా చూసినవాళ్లకు గద్వాల కోట అనగానే మూసిన సమాధి, దాంట్లో పశుపతి గుర్తొస్తాడు. ఆ కథను ఒక్కసారి తలుచుకోండి. పశుపతి క్షుద్రవిద్యలు నేర్చి గద్వాల మీదికి వస్తాడు. ఆ ఇంటి ఆడబిడ్డ, జనం జేజమ్మ అని పిలుచుకునే అరుంధతి, నాట్యంతో ఏమార్చి అతన్ని పడగొడుతుంది. చంపదు. చంపితే ప్రేతమై ఇంకా బలం పుంజుకుంటాడట. అందుకని బతికుండగానే సమాధి కట్టి, యంత్రాలు బిగిస్తారు. భయానికి హద్దు పెట్టారన్నమాట. తరాలు గడిచాక ఆ సమాధి తెరుచుకుంటుంది. హద్దు తెగింది. అప్పుడు జేజమ్మ పేరు, జేజమ్మ పోలిక ఉన్న మునిమనవరాలు నిలబడి ఆ పని పూర్తి చేయాలి. గ్రాఫిక్స్ గురించి అప్పట్లో చాలా చెప్పుకున్నారు గానీ, కథకు వెన్నెముక మాత్రం ఇదే.

ఆ సినిమా తర్వాత జరిగిన రెండు సంగతులు చూడండి. సినిమాలో గద్వాల కోటగా కనిపించిన పాత బంగళా నిజానికి బనగానపల్లె దగ్గరది, నవాబుల కాలం నాటిది. ఇప్పుడు జనం దాన్ని అరుంధతి కోట అంటారు. యాగంటికి పోయినవాళ్లు దారిలో ఆగి, పిల్లలతో మెట్లెక్కి, సెల్ఫీలు దిగి వస్తారు. ఇక రెండోది. సోనూ సూద్ నటించిన పశుపతికి రవిశంకర్ గొంతు ఇచ్చాడు. ‘వదల బొమ్మాళీ’ అని ఆ గొంతు గర్జిస్తే హాల్లో చిన్నపిల్లలు తల్లి కొంగులో ముఖం దాచుకున్నారు. కొద్ది రోజులకే ఆ మాట వీధిలోకి వచ్చింది. అప్పు వసూలుకు వచ్చినవాడు అంటాడు, వదల బొమ్మాళీ. బడి మైదానంలో పట్టుకునే ఆటలో పిల్లలు అంటారు, వదల బొమ్మాళీ. భయపెట్టిన గొంతునే అనుకరించి నవ్వుకున్నాం. భయానికి హద్దు పడిందని ఇంతకంటే గట్టి రుజువు ఏం కావాలి?

ఇప్పుడు హాల్లోకి పోదాం. తెర మీద ఒకమ్మాయి అర్ధరాత్రి మంచినీళ్లకు లేచింది. వంటింట్లో స్విచ్ వేస్తే లైటు వెలగలేదు. సంగీతం ఆగిపోయింది. ఈ నిశ్శబ్దమే సగం పని చేస్తుంది. పాప్‌కార్న్ పొట్లాల చప్పుడు కూడా ఆగిపోతుంది. కెమెరా ఆమె వీపు వెనకే మెల్లగా నడుస్తుంటే, వెనక ఎవరున్నారో చూడలేకపోతున్నామని మన వీపు జలదరిస్తుంది. కిటికీలోంచి ధబ్బున పిల్లి దూకింది. అందరూ అదిరిపడ్డారు. ఓస్, పిల్లే కదా అని ఊపిరి వదిలారు. సరిగ్గా ఆ ఊపిరి వదిలినప్పుడే అసలుది వస్తుంది. హాలంతా ఒక్క కేక. మరి ఆ కేక వెనకాలే ఏం వస్తుందో గమనించారా? నవ్వు. పక్కవాడిని చూసి నవ్వు, తనను తాను చూసుకుని నవ్వు. వెనక వరుసలో ఎవడో ఒక మాట విసురుతాడు, ఇంకో నవ్వు. ఆ తర్వాత అందరూ సర్దుకుని కూర్చుంటారు, ఇంకోటి రానీ అన్నట్టు. నిజంగా ఇంట్లో దొంగ దూరితే ఈ నవ్వు రాదు. గుండె మాత్రం రెండు చోట్లా అట్లాగే కొట్టుకుంటుంది. మెదడులో అమిగ్డలా అని ఒక చిన్న భాగం ఉంది. ప్రమాదమనిపిస్తే అది ఆలోచన కోసం ఆగదు, ఒంటిని లేపి నిలబెడుతుంది. ఆలోచన వెనకాల వచ్చి, ఇది సినిమారా, కూర్చో అంటుంది. ఒంట్లో పుట్టిన ఉద్రేకం మాత్రం వెంటనే దిగదు. డాల్ఫ్ జిల్‌మన్ అనే పరిశోధకుడు చెప్పింది ఇదే. భయం తీరినా మిగిలిపోయిన ఆ వేడి, తర్వాత వచ్చే ఊరటకు తోడై దాన్ని రెట్టింపు చేస్తుంది. అందుకే గట్టిగా భయపడ్డవాడే గట్టిగా నవ్వుతాడు.

మన కంచంలోనే దీనికి దాఖలా ఉంది. పచ్చిమిరపకాయ తొక్కు కలుపుకుని, కళ్ల నీళ్లు కారుతుంటే, ముక్కు తుడుచుకుంటూ ఇంకో ముద్ద పెట్టమంటాం. పాల్ రోజిన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త కారం తినేవాళ్లను చూసే ఈ ప్రశ్న వేసుకున్నాడు. నాలుక మంటను ప్రమాదం అని చెబుతుంది, మనసుకు ప్రమాదం లేదని తెలుసు. ఒంటిని మోసం చేసి గెలిచామన్న ఆనందం ఆ రెండింటి నడుమ పుడుతుంది అన్నాడు. భయపెట్టే సినిమాలనూ ఆయన ఇదే కోవలో పెట్టాడు. అయితే కారానికి కొలత ఉంది కదా. తక్కువైతే చప్పన, ఎక్కువైతే కంచం పక్కకు నెడతాం. డెన్మార్క్‌లో కొందరు పరిశోధకులు ఈ కొలతనే పట్టుకున్నారు. డబ్బిచ్చి భయపడటానికి కట్టిన ఒక దయ్యాల కొంపలోకి వందమందికి పైగా మనుషులను గుండె కొట్టుకోవడం కొలిచే పరికరాలు కట్టి పంపారు. ఆ ఫలితాలు 2020లో వచ్చాయి. భయం మరీ తక్కువైనవాళ్లు పెద్దగా ఆనందించలేదు. మరీ ఎక్కువైనవాళ్లూ ఆనందించలేదు. నడుమ ఎక్కడో ఉన్నవాళ్లు బాగా ఆనందించారు. అంటే ఎంత భయమైతే అంత మజా అనే లెక్క తప్పు. కొలత దాటితే మజా పోతుంది. కరోనా మొదలైన రోజుల్లో హారర్ సినిమాల అభిమానులు మిగతావాళ్ల కంటే నిబ్బరంగా ఉన్నారని కూడా ఒక అధ్యయనం వచ్చింది. దాన్ని నేను అంత గట్టిగా పట్టుకోను. సినిమాలు చూసి నిబ్బరం వచ్చిందో, నిబ్బరం ఉన్నవాళ్లే ఆ సినిమాలు చూస్తారో ఎవరు చెప్పాలి?

ఇది కొత్త సంగతి ఏమీ కాదండి. భరతుడు నాట్యశాస్త్రంలో భయానకాన్ని రసాల్లో ఒకటిగా లెక్కగట్టాడు. దాన్ని పుట్టించేవి ఏమిటో కూడా చెప్పాడు. వికృతమైన అరుపులు, నక్క కూత, గుడ్లగూబ కూత, మనుషులు లేని ఇల్లు, అడవి. నేటి సినిమా సామాను పెట్టె తెరిస్తే ఇవే కనిపిస్తాయి. కానీ మన పల్లెలకు ఇంకా దగ్గరి దాఖలా ఒకటి ఉంది. బొడ్రాయి పండుగ. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో బొడ్రాయి నిలబెట్టేటప్పుడు ఊరు కట్టడి చేస్తారు. ఆ పొద్దు బయటివాళ్లు లోపలికి రారాదు, లోపలివాళ్లు పొలిమేర దాటరాదు. రాత్రి బలి అన్నం కలిపి, కేకలు వేసుకుంటూ, ఊరి చుట్టూ పొలి చల్లుతారు. ఇళ్లలో పిల్లలు ఆ కేకలు విని దుప్పట్లో ముడుచుకుంటారు. తెల్లారితే విందు. ఊరికి రాగల కీడునంతా ఒక్క రాత్రి పేరు పెట్టి పిలిచి, పొలిమేర బయట నిలబెట్టి వస్తారు. ఇప్పుడు 2023లో వచ్చిన ‘విరూపాక్ష’ చూడండి. కార్తీక్ దండు దర్శకుడు, స్క్రీన్‌ప్లే సుకుమార్‌ది. రుద్రవనం అనే ఊరు. వరసగా చావులు. అష్టదిగ్బంధనం చేస్తారు, ఎవరూ లోపలికి రారాదు, ఎవరూ బయటికి పోరాదు. పట్నం ప్రేక్షకుడికి ఇది కొత్త ఊహ. మన ఊళ్ల ప్రేక్షకుడికి ఊరు కట్టడి. ఆ కట్టడి వేశాక కూడా చావు ఆగలేదంటే? కీడు ముందే లోపల ఉందంటే? హద్దు వేసిన చోటే హద్దు తెగింది. సగం సినిమాను కుర్చీ అంచున కూర్చుని చూశామంటే అందుకే.

ఇంతవరకు హద్దు అంటే గీత అన్నట్టు మాట్లాడాను. ఇంకో రకం హద్దు ఉంది, మన ప్రేక్షకుడికి అదే ముఖ్యం అంటాను. కారణం. మన దయ్యం ఊరికే రాదు. దానికొక ఫ్లాష్‌బ్యాక్ ఉండాలి. ఫ్లాష్‌బ్యాక్ లేని దయ్యాన్ని చూపిస్తే మనవాళ్లు టికెట్టు పైసలు వాపసు అడుగుతారు. ఎవరు చంపారు, ఎందుకు చంపారు, శవాన్ని ఎక్కడ పూడ్చారు, అన్నీ చెప్పాలి. 2011లో తమిళం నుంచి వచ్చిన ‘కాంచన’ మన చిన్న పట్నాల్లో ఎట్లా ఆడిందో గుర్తుందా? భూమి కోసం ఒక హిజ్రాను, ఆమెను నమ్ముకున్నవాళ్లను చంపి పూడ్చేస్తారు. రాత్రి బయటికి పోవాలంటే తల్లిని తోడు రమ్మనే పిరికివాడి ఒంట్లోకి ఆ కాంచన వస్తుంది. సినిమా మొదటి సగంలో ఆమె వస్తే కేకలు. కథ తెలిశాక ఆమె వస్తే ఈలలు. అదే ముఖం, అదే చీర, అదే చూపు. కారణం తెలిసింది, అంతే. దయ్యం అప్పటిదాకా ముద్దాయి, ఇప్పుడు ఫిర్యాది. బతికుండగా ఠాణాలో ఎవరూ రాసుకోని ఫిర్యాదును చచ్చాక తెర మీద వినిపిస్తోంది. ‘అరుంధతి’లో ఇది తిరగబడి ఉంటుంది. అక్కడ దయ్యమే దోషి, రాణి న్యాయమూర్తి. ఎట్లా తిప్పినా కేసు నడవాలి, తీర్పు రావాలి. దయ్యం సినిమాలో మనం కట్టే భయం కోర్టు ఫీజులాంటిదని కొందరికి అనిపించవచ్చు. నేను అంత దూరం పోను. భయం కూడా కావాలి. భయపెట్టకుండా ఫిర్యాదు ఒక్కటే చదివితే అది డాక్యుమెంటరీ అవుతుంది. కానీ కారణం లేని భయాన్ని మన జనం ఇంటికి తీసుకుపోరు.

ఆ కేసు ఎవరి దగ్గరికి పోతుందన్నది కూడా ఈ ప్రాంతపు ముద్ర ఉన్న సంగతే. ‘అరుంధతి’లో హిందూ రాజవంశపు ప్రేతబాధను తీర్చడానికి పరుగులు పెట్టేది అన్వర్ అనే ఫకీరు. 2022లో వచ్చిన ‘మసూద’లో టీచరమ్మ నీలం, పక్కింటి పిరికి కుర్రాడు గోపి కలిసి పీర్ బాబా దగ్గరికి పోతారు. దీన్ని మతసామరస్యం పాఠం అని ఎవరూ అనుకోలేదు, ప్రశ్నించనూ లేదు. ఎందుకంటే కొత్తూరు దగ్గర జహంగీర్ పీర్ దర్గాలో, పాలకీడు దగ్గర జాన్‌పహాడ్ దర్గాలో కందూరు చేసేవాళ్లలో, పిల్లలకు తాయెత్తు కట్టించుకునేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ, అన్ని కులాలవాళ్లూ ఉంటారు. దయ్యం తెర మీదిదే అయినా, దాన్ని కట్టేసే తాడు మనకు తెలిసిన ఊరిదే కావాలి. అప్పుడే నమ్ముతాం. ఇంగ్లిషు సినిమాలో పాదిరి నీళ్లు చల్లితే చూసి మెచ్చుకుంటాం గానీ, ఆ నీళ్లు మన మీద పడవు.

ఇక్కడ మీలో కొందరు అడ్డు తగులుతారు. హద్దు మళ్లీ కట్టడమే కావాలంటే, ముగింపు తేలని సినిమాలను జనం ఎందుకు చూస్తున్నారు? ‘మా ఊరి పొలిమేర’ మొదటి భాగం చివర అంతా తలకిందులై ఆగిపోయింది కదా. మంచి ప్రశ్న. దానికి నా జవాబు ఇది. ఆ ముగింపును జనం ముగింపుగా తీసుకోలేదు. మిగతాది ఎప్పుడు అని అడిగారు. 2021లో ఫోన్లలో, టీవీల్లో చూసినవాళ్లు 2023లో రెండో భాగానికి హాళ్లకు వచ్చారు. బాకీ ఉందని గుర్తు పెట్టుకుని వచ్చారు. తెగిన హద్దును అట్లాగే వదిలేస్తే ప్రేక్షకుడు దాన్ని అప్పుగా రాసుకుంటాడు. ఇంకో అడ్డు కూడా ఉంది. మరి దయ్యాల కామెడీల సంగతేమిటి? ‘ప్రేమకథా చిత్రమ్’, ‘గీతాంజలి’, ‘ఆనందో బ్రహ్మ’. నవ్వడానికే పోతే భయం ఎందుకు? ‘ఆనందో బ్రహ్మ’లో మనుషులను చూసి దయ్యాలే జడుసుకుంటాయి. ఆ తమాషా పండాలంటే దయ్యానికి జడుసుకోవడం ముందు మనకు తెలిసి ఉండాలి. హాల్లో కేక వెనకాల వచ్చే ఆ నవ్వును దర్శకుడు తెర మీదికే ఎక్కించాడు. కాకపోతే ఒకరి విజయం చూసి పదిమంది అదే దారిలో పడి, పాత బంగళా, నలుగురు కమెడియన్లు, తెల్లచీర కలిపి వండి వార్చారు. భయం చచ్చింది, దాంతోపాటు నవ్వూ చచ్చింది.

అన్నిటికంటే పెద్ద అభ్యంతరం వేరే ఉంది. దాన్ని నవ్వి తోసేయలేం. ఈ సినిమాలు మూఢనమ్మకాన్ని పెంచవా? మనది బాణామతి పేరు చెప్పి మనుషులను కొట్టి చంపిన నేల. మంత్రాలు పలకకుండా పళ్లు ఊడగొట్టిన నేల. బలైనవాళ్లు ఎవరు? ఎక్కువగా పేదలు, ఒంటరి ఆడవాళ్లు, ముసలివాళ్లు. 1980ల్లో నాస్తిక కేంద్రం కార్యకర్తలు మెదక్ జిల్లాలో ఈ భయం మీద ఊరూరా తిరిగి పనిచేయాల్సి వచ్చింది. అదే కాలంలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ను జనం వారంవారం ఎదురుచూసి చదివారు. చిన్నపిల్ల మీద కాష్మోరా అనే క్షుద్రశక్తి ప్రయోగం దాని కథ. రంగనాయకమ్మ దాన్ని తులసిదళం కాదు, గంజాయి దమ్ము అని పేరు పెట్టి మరీ ఉతికి ఆరేశారు. ఆ వాదంలో బలం ఉంది. 2022 జనవరిలో నల్లగొండ జిల్లా చింతపల్లి మండలం గొల్లపల్లి దగ్గర, మహంకాళి విగ్రహం పాదాల దగ్గర ఒక మనిషి తల దొరికింది. నరబలి అన్న అనుమానం ఊరూరికీ పాకింది. ఆ రోజుల్లో ఆ దారిన పోయినవాళ్లెవరికీ అది థ్రిల్లు కాదు. ఎవరు చేశారో తెలియదు, ఎందుకో తెలియదు, ఇంకా ఉందో లేదో తెలియదు. హద్దు లేని భయం అంటే అది. దాన్ని ఎవరూ ఆనందించరు.

మరి సినిమా ఆ హద్దు లేని భయానికి మేత వేస్తుందా? నా మాట ఇది. కొన్ని వేస్తాయి. దయ్యం కథ అంతా అట్లాంటిదే అనలేం, కొన్ని సినిమాలు మాత్రం అట్లాంటివే. సమాధిలోంచి లేచిన పశుపతిని చూసి ఎవరూ పక్కింటి ముసలమ్మను అనుమానించరు. పశుపతి మన వీధిలో ఉండడు. కానీ ఊళ్లో ఫలానా ఇంటివాళ్లు చేతబడి చేస్తారు, దానివల్లే చావులు అని చూపించే కథకు మన వీధిలో చిరునామా దొరుకుతుంది. ‘విరూపాక్ష’ ఈ విషయంలో రెండు పడవల మీద కాళ్లు పెట్టింది. క్షుద్రపూజల అనుమానంతో ఊరివాళ్లు ఒక జంటను తగలబెట్టడంతో అది మొదలవుతుంది. ఆ మంటను చూసి మన కడుపులో దేవినట్టవుతుంది. ఊరు చేసిన పాపమే ఊరిని కొడుతోందని కథ చెబుతుంది. అది మెచ్చుకోదగ్గదే. కానీ ఆ జంట శాపం నిజంగానే ఫలిస్తుంది, క్షుద్రశక్తి నిజంగానే పనిచేస్తుంది. అంటే తగలబెట్టినవాళ్ల అనుమానానికి సినిమాయే సాక్ష్యం పలికినట్టయింది. భయపెట్టడంలో తప్పు లేదు. భయానికి బతికున్న మనిషి ముఖం తొడిగేటప్పుడు జాగ్రత్త కావాలి. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఈ దురాచారాల మీద చట్టాలు చేశాయి. చట్టం ఊరిలో పనిచేస్తుంది. తెర మీద పని దర్శకుడిది, కథ రాసేవాడిది.

ఇప్పుడు చాలామంది ఈ సినిమాలను ఫోన్లో, ఒంటరిగా, దుప్పటి కప్పుకుని చూస్తున్నారు. పక్కన కేక వేసేవాడు లేడు, వెనక వరుస నుంచి మాట విసిరేవాడు లేడు. హాలు ఇచ్చిన హద్దు పోయింది. మరి ఏం చేస్తున్నారు? తమ హద్దు తామే వేసుకుంటున్నారు. శబ్దం తగ్గిస్తారు. తెరను చిన్నది చేస్తారు. భయం ముదిరితే ఆపి, వంటింటి లైటు వేసి వస్తారు. డెన్మార్క్ పరిశోధకులు కూడా ఇట్లాంటి రెండు రకాల మనుషులను చూశారు. భయాన్ని ఎగదోసుకునేవాళ్లు కొందరు, బిగపట్టి కిందికి దించుకునేవాళ్లు కొందరు. ఇద్దరూ ఇంచుమించు ఒకే స్థాయిలో ఆనందించారు. చిన్నపిల్లలకు ఈ కొలత చేతకాదు. వాళ్ల చేతిలో ఫోను పెట్టే పెద్దవాళ్లకు ఆ ఒక్కటి తెలిస్తే చాలు.

హద్దు, కారణం, తీర్పు. ప్రేక్షకుడు అడిగేవి ఇవే అయితే, మన నల్లగొండ, పాలమూరు నేల మీద ఇంకా ఎవరూ వినని ఫిర్యాదు ఏది అని నాకు అనిపిస్తుంది. తెర మీదికి వచ్చిన దయ్యాలలో రాజకుటుంబాలవి ఉన్నాయి, పాత బంగళాలవి ఉన్నాయి, ప్రేమలో మోసపోయిన ఆడపిల్లలవి ఉన్నాయి. మన ఊళ్లలో పాడుబడ్డ గడీలు ఉన్నాయి. వెట్టిచాకిరీ చేయించుకున్న గడీలు. ఒకప్పుడు నల్లగొండ జిల్లాలో ఉన్న విసునూరు గడీ పేరు చెబితే సాయుధ పోరాట కాలంలో బతికున్న మనుషులే వణికారు. అక్కడ భయం కల్పించనక్కర్లేదు, ఫ్లాష్‌బ్యాక్ కూడా వెతకనక్కర్లేదు. ఇంకో చోట చూడండి. పాలమూరు లేబర్ అన్న పేరుతో దేశం నలుమూలలా ఆనకట్టలు కట్టిన మనుషులు. ఎక్కడో పరాయి రాష్ట్రంలో, సొరంగం కూలి, మట్టి పెళ్ల విరిగి పోయినవాళ్లు. ఇంటికి కబురు కూడా సరిగా రానివాళ్లు. మన సినిమాలో పేరు తెచ్చుకున్న దయ్యాలలో వెట్టివాడి దయ్యం లేదు, పాలమూరు కూలీ దయ్యం లేదు. భూమి కోసం చంపి పూడ్చిన కాంచనకు ఈలలు వేసిన ప్రేక్షకుడు, ఆనకట్ట గోడలోంచి లేచి వచ్చి తన మేస్త్రీ పేరు అడిగే మనిషికి వెయ్యడా? ఆ కథకు ప్రేక్షకుడు సిద్ధంగానే ఉన్నాడు. రాసేవాళ్లు రావాలి.